ఆల్పైన్ కార్వింగ్: ఏ బోర్డుకు ఏ బైండింగ్, అసలు ప్లేట్ ఎవరికి?

హార్డ్ బూట్లు (గట్టి ప్లాస్టిక్ బూట్లు) తొడుక్కుని స్నోబోర్డు మీద కార్వింగ్ చేసేవాళ్ల మధ్య, అంటే బోర్డు అంచు మీద ఒరిగి మంచులో గీత కోసుకుంటూ తిరిగేవాళ్ల మధ్య, "ప్లేట్" అనే మాట రెండు వస్తువులకు నడుస్తోంది. పాత అలవాటులో హార్డ్ బూట్ బైండింగ్‌నే, అంటే బూటును బోర్డుకు పట్టి ఉంచే సామానునే, ప్లేట్ బైండింగ్ అనేవాళ్లు. ఇప్పుడు ప్లేట్ అంటే ఎక్కువగా బైండింగ్‌కీ బోర్డుకీ మధ్య బిగించే పలక. ఈ రెండూ కలగలిపి పొరపాటు సామాను తెప్పించుకోవడం మామూలే కాబట్టి ముందే చెప్పేస్తున్నాం: ఇక్కడ ప్లేట్ అన్నచోటల్లా ఆ మధ్య పలకే.

బూటు, బైండింగ్, ప్లేట్, బోర్డు ఒకదాని మీద ఒకటి పేర్చిన దొంతర. ప్రతిదీ కొంత వంగుతుంది, కొంత బిగుసుకుని ఉంటుంది. విడివిడిగా చూస్తే అన్నీ మంచివే అయినా, నాలుగూ బిగువైనవే పేరిస్తే గట్టి మంచు మీద బోర్డు దడదడలాడుతుంది, ఆ అదురంతా మోకాళ్లకు చేరుతుంది. నాలుగూ మెత్తనివైతే మీరు ఎడ్జ్ (బోర్డు పక్కనున్న ఉక్కు అంచు) మీదకు ఒరిగిన తర్వాత ఒక క్షణానికి గాని బోర్డుకు ఆ సంగతి తెలియదు. కాబట్టి ప్రతి కొనుగోలు ముందూ వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ దొంతరలో మెత్తదనాన్ని ఏ అంతస్తులో ఉంచుతున్నాం? మా మట్టుకు సమాధానం బూటు చీలమండ దగ్గర కొంత, బైండింగ్ కింద రబ్బరులో కొంత. బోర్డు తన పని తాను చేసుకునేంత బిగువుగా ఉండాలి. ప్లేట్ చాలామందికి అక్కర్లేదు.

కొనే వరస కూడా దీన్నిబట్టే. ముందు బూటు, దాని పొడవును బట్టి బోర్డు వెడల్పు, తర్వాత బైండింగ్, అన్నిటికన్నా చివర ప్లేట్. ప్లేట్ చౌకగా దొరికింది కదా అని దానితో మొదలుపెడితే మిగతా మూడూ దానికి లొంగి ఉండాల్సి వస్తుంది.

మీ వేగానికి తగిన సైడ్‌కట్

సైడ్‌కట్ అంటే బోర్డు పక్క అంచుకున్న లోపలి వంపు. బోర్డు మీద రాసి ఉండే సైడ్‌కట్ వ్యాసార్థం, అది మంచు మీద తిరిగే వృత్తం ఒకటి కావు. గట్టి మంచు మీద స్థూలంగా లెక్క ఇది: తిరిగే వ్యాసార్థం = సైడ్‌కట్ వ్యాసార్థం × ఒరిగిన కోణపు కొసైన్. 60 డిగ్రీలు ఒరిగితే వృత్తం సరిగ్గా సగమవుతుంది. అప్పుడు కాళ్ల మీద పడే భారం ఒంటి బరువుకు రెండింతలు. 45 డిగ్రీల దగ్గర 1.4 రెట్లు.

ఒక కోణంలో ఒరిగి నిలబడాలంటే దానికి తగిన వేగం ఉండి తీరాలి. చదునైన నేల మీద, ఒళ్లూ బోర్డూ ఒకే కోణంలో ఒరిగాయనుకుని వేసిన లెక్క ఇలా వస్తుంది:

| సైడ్‌కట్ | 45° దగ్గర వేగం, తిరిగే వ్యాసార్థం | 60° దగ్గర వేగం, తిరిగే వ్యాసార్థం |
|---|---|---|
| 9 మీ. | గంటకు 28 కి.మీ., 6.4 మీ. | 31 కి.మీ., 4.5 మీ. |
| 11 మీ. | 31 కి.మీ., 7.8 మీ. | 35 కి.మీ., 5.5 మీ. |
| 14 మీ. | 35 కి.మీ., 9.9 మీ. | 39 కి.మీ., 7 మీ. |
| 20 మీ. | 42 కి.మీ., 14.1 మీ. | 47 కి.మీ., 10 మీ. |

అసలు వాలు మీద అంకెలు అటూ ఇటూ అవుతాయి. మలుపు పైభాగంలో భారం తగ్గుతుంది, కింది భాగంలో పెరుగుతుంది. అయినా ఎంపికకు ఈ పట్టిక సరిపోతుంది. 20 మీటర్ల బోర్డును 45 డిగ్రీల దగ్గర పూర్తిగా తిప్పాలంటే 28 మీటర్ల వెడల్పున్న వాలు ఖాళీగా కావాలి. జనం తిరిగే మామూలు వాలు మీద అది ఎప్పుడో గాని దొరకదు. గంటకు 40 దాటిన వేగంలో హాయిగా ఒరగడం ఇంకా అలవాటు కానివాళ్లకు పెద్ద రేసు బోర్డు ఎందుకు "తిరగనంటుందో" కూడా ఇందులోనే ఉంది. తప్పు బోర్డుది కాదు, దానికి కావలసిన వేగం ఇంకా రాలేదు.

స్లాలమ్ (పాతిన కర్రల, అంటే గేట్ల, మధ్య దగ్గర దగ్గరగా మలుపులు తిరిగే రేసు) బోర్డులు ఎక్కువగా 155 నుంచి 165 సెం.మీ. పొడవులో, 8 నుంచి 11 మీటర్ల సైడ్‌కట్‌తో ఉంటాయి. సరదా కార్వింగ్ బోర్డులు 160 నుంచి 175 సెం.మీ., 10 నుంచి 14 మీటర్లు. జెయింట్ స్లాలమ్ (గేట్లు ఇంకా దూరంగా ఉండే రేసు) బోర్డులు 175 సెం.మీ. నుంచి మొదలై పైకి పోతాయి, సైడ్‌కట్ కూడా దానికి తగ్గట్టే పెద్దది. ఇప్పటి బోర్డుల్లో ముక్కు నుంచి తోక దాకా వ్యాసార్థం మారుతూ పోతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన కెస్లర్ బోర్డులకు పేరొచ్చింది ఎక్కువగా ఈ ఆకృతి వల్లే. అలాంటి బోర్డు మీద ఒకే అంకె రాసి ఉంటే అది సగటు అనుకోండి. రెండు అంకెలు ఉంటే చిన్నదాన్ని చూసి మురిసిపోవద్దు.

మొదటి బోర్డుగా మా ఓటు 10 నుంచి 12 మీటర్లకు.

నడుము వెడల్పు, బూటు పొడవు, కోణం

నడుము అంటే బోర్డు మధ్యలో అన్నిటికన్నా సన్నటి చోటు. కోణం అంటే పాదం బోర్డుకు సరిగ్గా అడ్డంగా కాక ముందుకు ఎన్ని డిగ్రీలు తిరిగి ఉందన్నది. ఈ మూడింటిలో రెండు తేలితే మూడోది తనంతట తానే తేలిపోతుంది. బూటు ముక్కుగానీ మడమగానీ బోర్డు అంచు దాటి బయటికి వస్తే, బాగా ఒరిగినప్పుడు అదే ముందు మంచును తాకుతుంది. ఎడ్జ్ గాల్లోకి లేచి మనిషి జారిపోతాడు. దాన్నే బూట్ అవుట్ అంటారు. ఇది హెచ్చరిక లేకుండా వస్తుంది, అదీ బాగా ఒరిగిన క్షణంలోనే వస్తుంది.

బూటు సోలు పొడవును కొలవండి. లోపలి సైజు అంకె పనికిరాదు, ఒకే సైజులో రెండు కంపెనీల బూట్ల సోలు పొడవులు తేడాగా ఉంటాయి. సోలు 30 సెం.మీ. అనుకుందాం. బూటు గుండ్రటి కొసలను లెక్కలోకి తీసుకుని పనికొచ్చే వెడల్పు 7 సెం.మీ. అనుకుంటే, బోర్డుకు అడ్డంగా ఆ బూటు ఆక్రమించే చోటు 50 డిగ్రీల దగ్గర 24.6 సెం.మీ., 55 దగ్గర 22.9, 60 దగ్గర 21.1, 65 దగ్గర 19 సెం.మీ. లెక్క: పొడవు × కోణపు కొసైన్ + 7 × కోణపు సైన్. కాలు ఉండేచోట బోర్డు నడుము కంటే అర సెంటీమీటరు వెడల్పు ఎక్కువ ఉంటుంది. అంటే 20 సెం.మీ. నడుమున్న బోర్డు మీద ఈ బూటు ఏమాత్రం బయటికి రాకూడదంటే 61, 62 డిగ్రీలు కావాలి.

కొంచెం బయటికి వచ్చినా ఫర్వాలేదు, ఎందుకంటే బూటు సోలు మంచుకు ఎత్తులో ఉంటుంది. సోలు బోర్డు అడుగు నుంచి 4 సెం.మీ. ఎత్తులో ఉంటే, 60 డిగ్రీల ఒరుగు దగ్గర ఒక్కో వైపు 2.3 సెం.మీ. బయటికి రావచ్చు. 70 డిగ్రీల దగ్గర 1.5 మాత్రమే. ఇది ఎడ్జ్ మంచు పైనే నిలబడితే వచ్చే లెక్క. మెత్తటి మంచులో ఎడ్జ్ సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు దిగబడుతుంది, అప్పుడు ఈ వెసులుబాటు దాదాపు హరించుకుపోతుంది. కాబట్టి ఒక్కో వైపు అర సెంటీమీటరు దాటనివ్వకండి. ముక్కు వైపు, మడమ వైపు సమానంగా ఉండాలి. ఒకే వైపు సెంటీమీటరు బయటికి పెట్టి రెండో వైపు లోపలికి ఉంచడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి.

ఇక కోణం ఎంత ఉండాలన్నది. 65 దాటితే పక్కకు ఒరగడానికి చీలమండల్లో చోటుండదు, బోర్డును తుంటితోనే తిప్పాల్సి వస్తుంది. 50 కంటే తగ్గితే ఛాతీ ముందుకు తిప్పి నడపడం నడుముకు భారమవుతుంది. మధ్యలో 55 నుంచి 62 చాలామందికి కుదురుతుంది. ముందు కాలు వెనక కాలి కంటే 3 నుంచి 5 డిగ్రీలు ఎక్కువ ఉంటే మోకాళ్లు ఒకదానికొకటి అడ్డం రావు. పాదాలు పెద్దవైతే కోణాన్ని 70కి లాగే బదులు 21, 22 సెం.మీ. నడుమున్న బోర్డు వెతకండి. ఒంటిని మంచుకు ఆనించి సాగే ఎక్స్‌ట్రీమ్ కార్వింగ్ వాళ్లు కూడా వెడల్పాటి బోర్డులే వాడతారు, కారణం ఇదే: ఆ ఒరుగులో బూటు మంచుకు తగలకూడదు.

గ్లాసా, మెటలా

మెటల్ బోర్డుల్లో టైటనల్ అనే పలుచటి రేకు పొరలు ఉంటాయి. పేరులో టైటానియం వినిపించినా అది ఆస్ట్రియాలోని అమాగ్ కంపెనీ చేసే అల్యూమినియం మిశ్రమ లోహం. మంచు మీద చిన్న చిన్న గతుకుల అదురును అది మింగేస్తుంది. ఎడ్జ్ మంచును వదలకుండా సాగుతుంది. రేకు లేకుండా ఫైబర్‌గ్లాస్‌తోనే చేసిన గ్లాస్ బోర్డు చలాకీగా ఉంటుంది, మలుపు చివర విల్లులా మిమ్మల్ని ఎగరేస్తుంది, కానీ గట్టి మంచు మీద అదురు తెలుస్తుంది.

మెటల్‌కు బలహీనత ఒకటుంది. గ్లాసు వంగి మళ్లీ మామూలవుతుంది, రేకు ఒక హద్దు దాటితే వంగినట్టే ఉండిపోతుంది. ముక్కు మంచు గుట్టలో దిగబడి మడత పడితే బోర్డు పని అయిపోయినట్టే. ఇన్సర్ట్‌ల (స్క్రూలు దిగడానికి బోర్డులో పొదిగిన మరల గొట్టాలు) చుట్టూ కూడా అంతే: చిన్న వైశాల్యం మీద గట్టి లోహపు బైండింగ్ ఒత్తితే రేకు అక్కడ అలసిపోతుంది. అందుకే మెటల్ బోర్డు మీద బైండింగ్ కింద రబ్బరు పొర తప్పనిసరి అనుకోండి.

వాడిన మెటల్ బోర్డు కొంటుంటే నాలుగు చోట్ల చూడండి. చదునైన బల్ల మీద పెడితే మధ్యలో ఖాళీ కనిపించాలి, అదే క్యాంబర్. ఆ ఖాళీ లేకపోతే బోర్డు అలిసిపోయింది, లేదా వంగిపోయింది. కొన్ని బోర్డులకు క్యాంబర్ తక్కువగానే పెడతారు కాబట్టి అదే మోడల్ కొత్తదాన్ని చూసి పోల్చుకోవాలి. ఇన్సర్ట్‌ల చుట్టూ పైపొరను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే అలల్లాంటి ముడతలు ఉండకూడదు. అడుగున ఇన్సర్ట్‌ల కింద బొబ్బలు ఉన్నాయా అని స్కేలు ఆనించి చూడండి. ఎడ్జ్ పొడవునా గోరుతో తడమండి, పొర విడిపోతే గోరు పడుతుంది.

ఇంకొక మాట. రేసు బోర్డులను చాలాసార్లు ఫలానా బరువున్న మనిషికని బిగువు లెక్కగట్టి చేస్తారు. 90 కిలోల మనిషి బోర్డు 65 కిలోల మనిషి కింద వంగదు. అమ్మేవాళ్లను మోడల్ ఏ సంవత్సరానిది అని అడిగే ముందు, ఎంత బరువున్న మనిషికి చేశారో అడగండి.

బైండింగ్: బిగువు ఒకటి, పట్టు తీరు ఇంకొకటి

బిగువును బట్టి బైండింగ్‌లు రెండు రకాలు. బాంబర్ కంపెనీ టీడీ వరస లాంటివి మందపాటి అల్యూమినియంతో యంత్రం మీద చెక్కినవి. బరువు ఎక్కువ, ఏళ్ల తరబడి నిలుస్తాయి, కాలు కదిపిన వెంటనే ఎడ్జ్ కదులుతుంది. టీడీ3లో బోర్డుకూ లోహానికీ మధ్య రబ్బరు వలయం ఉంటుంది. దాని సైడ్‌వైండర్ రకంలో బూటు రెండు పక్కలకూ కొంచెం ఊగేలా ఏర్పాటుంది. ఎఫ్2 కంపెనీ బైండింగ్‌లు రెండో రకం. తేలిక, పునాది కొంచెం వంగుతుంది, బోర్డు వంపును అంతగా అడ్డుకోదు.

65, 70 కిలోల లోపు వాళ్లకు, 165 సెం.మీ. లోపు బోర్డులకు, మొదటిసారి కొనేవాళ్లకు ఎఫ్2 తరహా నయం. 85 కిలోలు దాటినవాళ్లు, వెడల్పాటి బోర్డు వాళ్లు, మెత్తటి బూటు వాళ్లు బిగువైన రకానికి పోవచ్చు. బూటు చాలా బిగువై, దాని మీద బిగువైన బైండింగ్ పెట్టి, మెటల్ బోర్డు మీద రబ్బరు లేకుండా బిగిస్తే అంతకన్నా పొరపాటు జత ఇంకోటి లేదు.

పట్టు తీరులో కూడా రెండున్నాయి. మామూలు రకంలో ముందూ వెనకా వంపు తీగలు, అంటే బెయిల్స్, వేళ్ల దగ్గర మీట. వంగి చేత్తో బిగించాలి. ఇంటెక్ రకంలో బూటు మడమ స్థానంలో ప్రత్యేకమైన మడమ బిగిస్తారు, అందులోంచి రెండు పక్కలా స్ప్రింగు పిన్నులు వచ్చి బైండింగ్ రంధ్రాల్లో దూరతాయి. కాలు పెట్టి నొక్కితే చాలు, విడిపించడానికి బూటు పక్కనున్న తాడు లాగాలి. సుఖం ఇంటెక్‌ది, నమ్మకం బెయిల్‌ది అని చెప్పుకోవచ్చు. అయితే ఇంటెక్ ప్రమాదకరమేమీ కాదు. రంధ్రంలో మంచు గడ్డ కట్టి ఒక పిన్ను సగమే దూరితే ప్రమాదం. ప్రతిసారీ బూటు మడమ కింద రుద్ది, నొక్కాక రెండు పిన్నులూ బయటికి కనిపిస్తున్నాయో లేదో కళ్లతో చూడాలి. బెయిల్ రకంలో కనిపించని శత్రువు లోహం అలసట. తీగ వంపు దగ్గర గీత లాంటి పగులు కనిపిస్తే ఆ రోజే మార్చేయండి. మీట బొటనవేలితో గట్టిగా నొక్కితే పడాలి. రెండు వేళ్లకే పడిపోతే వదులు.

ఈ బైండింగ్‌లు స్కీ బైండింగ్‌ల్లా పడినప్పుడు ఊడిరావు. "కొంచెం వదులుగా ఉంచితే పడినప్పుడు ఊడొస్తుంది" అనే సలహా వింటే పాటించకండి. ఒక కాలు ఊడి ఇంకొకటి బిగిసి ఉంటే ఆ రెండో మోకాలి గతి చెప్పనక్కర్లేదు.

స్కీ బూట్లు బెయిల్ బైండింగ్‌లో చాలాసార్లు పడతాయి. ఒక రోజు ప్రయత్నానికి అవి చాలు. కానీ సోలు పొడవు, చీలమండ బిగువు రెండూ ఎక్కువ, కాబట్టి వాటి కోసం కోణాలు కట్టి బోర్డు కొనొద్దు.

క్యాంట్, లిఫ్ట్

లిఫ్ట్ అంటే వేళ్లనో మడమనో ఎత్తడం. క్యాంట్ అంటే పాదాన్ని పక్కకు వాల్చడం. ముందు కాలికి వేళ్ల వైపు 3 డిగ్రీలు, వెనక కాలికి మడమ వైపు 3 నుంచి 6 డిగ్రీలు ఎత్తి మొదలుపెట్టండి. క్యాంట్ సున్నాతో మొదలుపెట్టి, మోకాళ్లు బయటికి పోతున్నట్టు అనిపిస్తే లోపలికి డిగ్రీ, రెండు డిగ్రీలు ఇవ్వండి.

ఎఫ్2లో బెయిల్ దిమ్మెల కింద ఏటవాలు ప్లాస్టిక్ ముక్కలు పెట్టి దీన్ని సాధిస్తారు. టీడీలో 0, 3, 6 డిగ్రీల ఏటవాలు బిళ్లలు ఉంటాయి. బిళ్లను తిప్పితే లిఫ్ట్, క్యాంట్ పంచుకుంటాయి. 3 డిగ్రీల బిళ్లను పాదం గీత నుంచి 30 డిగ్రీలు పక్కకు తిప్పితే 2.6 డిగ్రీల లిఫ్ట్, 1.5 డిగ్రీల క్యాంట్ వస్తాయి. 45 తిప్పితే రెండూ 2.1. లెక్క వేసుకోకుండా తిప్పితే ముందు కాలికి కావలసినదానికి ఎదురు దిశలో క్యాంట్ పడే అవకాశం ఉంది. బిగించాక కార్పెట్ మీద బూట్లు తొడుక్కుని నిలబడి మోకాళ్లు వంచండి. ఎక్కడా పట్టినట్టు లేకపోతే సరే.

కాళ్ల మధ్య దూరం నేల నుంచి మోకాలి చిప్ప మధ్య దాకా ఉన్న ఎత్తుతో మొదలుపెట్టొచ్చు. పెద్దవాళ్లలో అది ఎక్కువగా 46 నుంచి 52 సెం.మీ. మధ్య తేలుతుంది. దూరం పెంచితే లిఫ్ట్ కూడా పెంచాలి, ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. బూటు ముందుకు వంగే బిగువును కూడా ఇదే సమయంలో చూసుకోండి: వెనక బూటుకు ఎక్కువ వంపు, ముందు బూటుకు తక్కువ. తాళం వేసినట్టు బిగుసుకుపోయే బూటు వెనక స్ప్రింగు వ్యవస్థ అమర్చుకుంటే చీలమండ మళ్లీ బతుకుతుంది. ప్లేట్‌కు పెట్టే డబ్బులో కొంత దీనికి పెడితే ఎక్కువమందికి ఎక్కువ లాభం.

ప్లేట్లలో రకాలు, అవి చేసే పని

ప్లేట్ లేకుండా బిగిస్తే బైండింగ్, బూటు కలిసి వాటి కింద ఉన్న బోర్డు భాగాన్ని వంగనివ్వవు. వంపు విల్లులా నున్నగా రాకుండా రెండు చోట్ల చదునుగా ఉండిపోతుంది. ప్లేట్ పుట్టింది ఈ ఇబ్బంది తీర్చడానికి.

మొదటి రకం, ఒక్కో బైండింగ్ కింద విడివిడిగా పెట్టే చిన్న పలకలు. ఎత్తు కొంచెం పెరుగుతుంది, అదురు కొంత తగ్గుతుంది, బోర్డు స్వభావం మారదు. బూట్ అవుట్ అంచున ఉన్నవాళ్లకు ఇదే చవకైన మందు. సోలు ఎత్తు 4 నుంచి 5.5 సెం.మీ. అయితే 70 డిగ్రీల ఒరుగు దగ్గర ఒక్కో వైపు మరో అర సెంటీమీటరు వెసులుబాటు వస్తుంది.

రెండో రకం, రెండు బైండింగ్‌లనూ మోసే ఒకే పొడవాటి పలక, రబ్బరు దిండ్ల మీద కూర్చుని బోర్డుతో పాటు కొంత వంగుతుంది. కాళ్లకు బోర్డు సంగతి ఇంకా తెలుస్తూనే ఉంటుంది.

మూడోది ఐసొలేషన్ ప్లేట్. ఇది వంగదు. ఒక కొసన ఇరుసు మీద తిరుగుతుంది, రెండో కొసన ఇరుసు తిరుగుతూ జారుతుంది కూడా. కింద బోర్డు ఇష్టం వచ్చినట్టు వంగుతుంది, పైన కాళ్లు చదునైన అరుగు మీద ఉన్నట్టు నిలబడతాయి. గుంతలు పడ్డ గట్టి వాలు మీద దీని విలువ తెలుస్తుంది. ఒలింపిక్స్‌లో 1998 నాగనోలో జెయింట్ స్లాలమ్‌గా మొదలై, 2002 నుంచి సమాంతర జెయింట్ స్లాలమ్‌గా నడుస్తున్న పోటీలో పక్కపక్కన వేసిన అవే రెండు దారుల్లో ఒక జత తర్వాత ఇంకో జత దిగుతారు, గేట్ల దగ్గర మంచు కాలువల్లా తవ్వుకుపోతుంది. ఆ కాలువల్లో వేగం పోకుండా ఉండటానికి ప్లేట్ కావాలి. పొద్దున్నే నున్నగా దువ్విన వాలు మీద తిరిగే మనిషికి ఆ అవసరం సగం కూడా లేదు.

దీనికి ఇచ్చుకోవాల్సిన మూల్యం మూడు రకాలు. బరువు, కిలో ఆ పైన. ఎత్తు, దానివల్ల ఎడ్జ్ నుంచి ఎడ్జ్‌కు మారేటప్పుడు కాలు ఎక్కువ దూరం ప్రయాణించాలి. మూడోది అసలైనది: రెండు కాళ్లతో బోర్డును మెలిపెట్టి నడిపే అలవాటు ఉన్నవాళ్లకు ఆ వీలు పోతుంది. మెల్లగా, చిన్న మలుపుల్లో తిరిగేవాళ్లు దీన్ని బిగించి "బోర్డు చచ్చిపోయింది" అంటారు. వాళ్లు అన్నది నిజమే.

అంతకంటే ముఖ్యం, బోర్డు దీనికోసం చేసినదై ఉండాలి. మామూలు బోర్డు మధ్య భాగానికి బైండింగ్, బూటు ఇచ్చే బిగువును కూడా కలుపుకుని లెక్క వేస్తారు. ప్లేట్ పెట్టగానే ఆ బిగువు మాయమై బోర్డు నడుము దగ్గర ఎక్కువ వంగుతుంది, ముక్కు, తోక పట్టు వదులుతాయి. ప్లేట్ కోసం చేసిన బోర్డుకు నడుము బిగువుగా ఉంటుంది, యూపీఎం అనే ప్లేట్ ఇన్సర్ట్ వరస కూడా ఉంటుంది. కేవలం 4 × 4 సెం.మీ. బైండింగ్ ఇన్సర్ట్‌లే ఉన్న బోర్డుకు అడాప్టర్ పెట్టి ప్లేట్ బిగించొచ్చు. బిగించగలగడం వేరు, అది దానికి తగిన బోర్డు కావడం వేరు. అలాగే ప్లేట్ కోసమే చేసిన బోర్డును ప్లేట్ లేకుండా వాడితే నడుము దగ్గర దుంగలా ఉంటుంది.

బిగించేటప్పుడు

బోర్డు ఇన్సర్ట్‌లు ఎం6, అంటే 6 మి.మీ. స్క్రూవి, మరల మధ్య దూరం 1 మి.మీ. అంటే ఒక చుట్టు ఒక మిల్లీమీటరు. స్క్రూ ఇన్సర్ట్‌లోకి కనీసం 6 చుట్లు దిగాలి. సన్నటి పుల్ల పెట్టి ఇన్సర్ట్ లోతు కొలవండి, స్క్రూ అడుగును తాకకుండా మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. ప్లేట్ మీద మందం మారుతుంది కాబట్టి పాత స్క్రూలు సరిపోతాయని అనుకోవద్దు. పొడవైతే అడుగున బొబ్బ, పొట్టిదైతే మలుపు మధ్యలో మరలు పీక్కుని రావడం. వైబ్రేషన్‌కు వదులు కాకుండా నీలం రంగు, మధ్యరకం థ్రెడ్‌లాకర్ (స్క్రూ కదలకుండా పట్టే జిగురు) చుక్క చాలు. అది ప్లాస్టిక్ బిళ్లల మీద పడితే కొన్ని రకాల ప్లాస్టిక్ పగులుతుంది, ఇన్సర్ట్‌లోనే వేసి తుడవండి.

ఐసొలేషన్ ప్లేట్ అయితే జారే కొస నిజంగా జారుతోందా చూడాలి. బోర్డును రెండు బల్లల మధ్య వంతెనలా ఆనించి మధ్యలో చేత్తో నొక్కండి. 7 మీటర్ల వ్యాసార్థానికి వంగినప్పుడు, ఇరుసుల మధ్య 60 సెం.మీ., ఇరుసు 2 సెం.మీ. ఎత్తులో ఉంటే కదలిక దాదాపు 2 మి.మీ. చూడటానికి చిన్నదే, కానీ ఆ 2 మిల్లీమీటర్లూ ఆగిపోతే ప్లేట్, బోర్డు కలిసి దూలమవుతాయి, ఆ బలమంతా ఇన్సర్ట్‌ల మీద పడి మెటల్ పొరలు చిరుగుతాయి. జారే కొసను పొరపాటున రెండు వైపులా బిగించేయడం, లేదా సందులో మంచు గడ్డ కట్టడం, ఎక్కువగా ఈ రెండే కారణాలు. ప్లేట్ ఇరుసు దాటి 10 సెం.మీ. బయటికి ఉంటే, అదే వంపులో బోర్డు ఆ కొస దగ్గర 5 మి.మీ. పైకి వస్తుంది. కాబట్టి అక్కడ అంతకన్నా ఎక్కువ సందు ఉండాలి, కొండ పైకి తీసుకెళ్లే ఛైర్‌లిఫ్ట్ ఎక్కేముందు ఆ సందులో మంచు తీసేయాలి.

ఎవరికి ఏ జత

కొత్తగా హార్డ్ బూట్లకు వచ్చినవాళ్లకు: 160 నుంచి 168 సెం.మీ. బోర్డు, 10 నుంచి 12 మీటర్లు, బూటుకు తగ్గట్టు 20 లేదా 21 సెం.మీ. నడుము, ఎఫ్2 తరహా బైండింగ్, ప్లేట్ వద్దు. గ్లాస్ బోర్డయినా ఫర్వాలేదు, పడినప్పుడు అది ఎక్కువ ఓర్చుకుంటుంది.

రెండు మూడు సీజన్లు తిరిగి, ఒకే గీత మీద మలుపు పూర్తి చేయగలిగినవాళ్లకు: 168 నుంచి 175 సెం.మీ. మెటల్ బోర్డు, 12 నుంచి 14 మీటర్లు, రబ్బరున్న బైండింగ్. మధ్యాహ్నం గతుకుల వాలు మీద కూడా తిరగాలంటే చిన్న పలకలు, లేదా రబ్బరు దిండ్ల ప్లేట్.

ఒంటిని మంచుకు ఆనించాలనుకునేవాళ్లు వెడల్పు, బూటు వెసులుబాటు ముందు చూసుకోవాలి. కొంచెం మెత్తటి బోర్డు, బిగువైన బైండింగ్, ఐసొలేషన్ ప్లేట్ వద్దేవద్దు. వాళ్లకు కాళ్లతో బోర్డును నేరుగా వంచడమే పని.

గేట్ల మధ్య దిగేవాళ్లకు మాత్రం ప్లేట్ కోసం చేసిన బోర్డు, దానికి నప్పే ప్లేట్, రెండూ ఒకేసారి, వీలైతే బోర్డు చేసేవాళ్లను అడిగే తీసుకోవాలి. స్లాలమ్‌లో మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి తేలికైన ప్లేట్ వైపే మొగ్గండి.

తేడా కొడుతుంటే

హీల్ సైడ్ (మడమ వైపు) మలుపులోనే దడదడ వస్తుంటే ప్లేట్ కొనకముందు వెనక కాలి లిఫ్ట్ చూడండి. మడమ ఎత్తు చాలక మనిషి వెనక్కి కూర్చుంటున్నాడు. రెండు వైపులా దడ ఉంటే ఎడ్జ్ పదును చూడండి: అడుగు వైపు బెవెల్ (ఎడ్జ్‌ను అరగదీసిన వాలు) అర డిగ్రీ నుంచి 1 డిగ్రీ, పక్క వైపు 2 నుంచి 3. అడుగు వైపు 2 డిగ్రీలు అరగదీసిన బోర్డుకు ఏ ప్లేట్ పెట్టినా ఎడ్జ్ పట్టదు. తోక జారిపోతుంటే రెండు బైండింగ్‌లనూ సెంటీమీటరు వెనక్కి జరపండి. ముక్కు పట్టకపోతే సెంటీమీటరు ముందుకు. ముందు తొడ మంటెత్తితే ముందు బూటు వంపు తగ్గించండి. మోకాలి లోపలి వైపు నొప్పి ఉంటే క్యాంట్ ఎక్కువైంది.

ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చినదాన్ని బోర్డు మీద టేపు అంటించి రాసుకోండి. మూడు నాలుగు దిగుడుల తర్వాత స్క్రూలన్నీ మళ్లీ ఒకసారి బిగించాలి. కొత్త రబ్బరు చలికి, బరువుకు అణగి, మొదటి రోజే పావు చుట్టు వదులు చూపిస్తుంది.